కాలము వేడిమినుండి పుట్టినదా?

గత వేసవిలో ఒక సాయంకాలము నా పాత విద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించిన దినములలో అతడు రెండవ బల్ల చివర కూర్చుండెడివాడు. ఇప్పుడు కళాశాలలో అదే శాస్త్రమున పై తరగతి చదువుచున్నాడు. కుశలప్రశ్నలు అయిన పిమ్మట చాలసేపు మౌనముగా నుండి, "మాస్టారూ, కాలం నిజంగా ఉందంటారా?" అని యడిగెను.

చదువుకొను పిల్లలు ఇట్టి ప్రశ్నలు అడుగుట వింత కాదు. పరీక్ష తప్పినవారు మరి ఎక్కువగా అడుగుదురు. నేను నవ్వి ఏదో చెప్పబోతిని గాని అతని ముఖము చూచి ఆగితిని.

సంగతి యిది. అతని అమ్మమ్మ వారి యింటనే యుండెడిది. పరీక్షల దినములలో ఒక రాత్రి అతడు తలుపు మూసికొని చదువుకొనుచుండగా, ఆమె గ్లాసుతో కాఫీ తెచ్చి, చదువునకు భంగము కలుగునేమోయని తలుపు తట్టక గుమ్మము బయటనే కూర్చుండెనట. అతడు బయటికి వచ్చునప్పటికి కాఫీ చల్లారిపోయి యుండెను. "చల్లారిపోయిన కాఫీ ఎవరు తాగుతారు? నా గది దగ్గరికి రావద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?" అని కసరెనట. ఆమె ఏమియు అనక గ్లాసు తీసికొని వెళ్లిపోయెను. పది దినముల తరువాత నిద్రలోనే కన్నుమూసెను. ఆ పది దినములలో క్షమింపుమని యడుగుటకు సమయము దొరకక కాదు. అడుగలేదు, అంతే.

తరువాత అతని చేతికి ఒక పుస్తకము వచ్చినది. లోకపు మూలమున కాలమనునది లేదనియు, వేడిగా నున్నవి చల్లారుటవలననే కాలము ఒక దిక్కునకు సాగుచున్నట్లు మనకు తోచుచున్నదనియు అందులో నుండెనట. "అదే నిజమైతే మాస్టారూ, నిన్న అనేది ఒట్టి తోపే కదా? మరి నేనన్న మాట ఎక్కడున్నట్టు? చెరిగిపోయినట్టా, ఎప్పటికీ ఉన్నట్టా?" అని యడిగెను.

ఆ సాయంకాలము నేను సరియైన జవాబు చెప్పలేకపోతిని. తరువాత కొన్ని వారములు చదివి, ఆలోచించి, అతనితో మరల మాటలాడితిని. ఇట్టి భారము మోయువారు చదువరులలో ఇంకను ఉందురు గనుక ఆ మాటలను ఇచ్చట వ్రాయుచున్నాను.

కాలము మొదటినుండి తనంతట తానున్నదా, లేక మరియొకదానినుండి కలిగినదా అను ప్రశ్న నిన్నటిది కాదు. 1687లో వెలువడిన తన గ్రంథమున న్యూటన్, లోకమందు ఏది కదలినను కదలకున్నను కాలము తన పాటికి తాను సమముగా సాగిపోవునని తలంచెను. గడియారము ఆగవచ్చును, భూమి ఆగవచ్చును. కాలము మాత్రము ఆగదు. జర్మను పండితుడైన లైబ్నిట్జ్ దీనికి ఒప్పుకొనలేదు. ఇద్దరు మనుష్యులు లేనిదే వారి నడుమ వావి వరుస లేనట్లు, సంగతులు లేనిదే వాటి వరుసయైన కాలమును లేదనుట ఆయన మతము. న్యూటన్ పక్షమున శామ్యూల్ క్లార్క్ అను ఇంగ్లీషు పాదిరి ఆయనతో 1715లోను 1716లోను లేఖలతో వాదించెను. లేఖలన్నియు వేల్సు యువరాణి కరోలిన్ చేతిమీదుగా నడచినవి. 1716 నవంబరులో లైబ్నిట్జ్ మరణించుటతో వాదము నిలిచిపోయెను గాని తీరలేదు.

ఆ లేఖలలో నాకు మిక్కిలి నచ్చినది ఒక వాదము. దేవుడు కారణము లేక ఏదియు చేయడని యిరువురును ఒప్పుకొనినవారే. అట్లయిన, సృష్టికి ముందు ఎల్లప్పుడును ఒకే తీరున సాగు కాలముండినయెడల, లోకమును ఈ ఘడియలోనే చేయవలెను, మరొక ఘడియలో చేయరాదు అనుటకు కారణమేమి? ఏ ఘడియకును వేరొక ఘడియకును భేదము లేదు కదా. కాబట్టి సృష్టికి వెలుపల కాలమే లేదని లైబ్నిట్జ్ తేల్చెను. ఆయనకు 1300 సంవత్సరములకు ముందే, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీను ఈ మాటకే వచ్చియుండెను. సృష్టికి ముందు దేవుడేమి చేయుచుండెనని యడుగువారికి ఆయన, కాలము కూడ సృష్టింపబడినదే గనుక అప్పుడు 'ముందు' అనునదే లేదని జవాబిచ్చెను. కాబట్టి కాలము మూలవస్తువు కాదనగానే విశ్వాసము కూలునని ఎవరును భయపడనక్కరలేదు. ఆ తలంపు మొదట చెప్పినవారిలో దేవాలయములో ప్రసంగించినవాడును ఉన్నాడు.

అయితే వేడిమి ఇందులోనికి ఎట్లు వచ్చెను? న్యూటన్ సూత్రములలో ఒక వింత యున్నది. అవి ముందునకును వెనుకకును ఒకే తీరున పనిచేయును. ఊగుచున్న లోలకమును చలనచిత్రముగా తీసి వెనుకకు త్రిప్పి చూపినయెడల ఎవరును కనిపెట్టలేరు. చంద్రుడు భూమి చుట్టు తిరుగుటను వెనుకకు త్రిప్పినను ఏ సూత్రమునకును భంగము లేదు. కాని కాఫీ చల్లారుటను వెనుకకు త్రిప్పి చూపుడి; చిన్నపిల్లయు నవ్వును. చుట్టునున్న గాలి తన వేడిని తెచ్చి గ్లాసులో పోయుట లోకమున ఎవరు చూచిరి? (అతిసూక్ష్మమైన కొన్ని కణముల విషయములో మూలసూత్రములును రెండు దిక్కుల స్వల్పముగా భేదించునని 1964నాటి ప్రయోగములనుండి తెలియవచ్చినది. అయితే కాఫీ చల్లారుటకును దానికిని సంబంధము లేదు.)

వేడిమి ఒకవైపునకే పోవునను ఈ సంగతిని మొదట లెక్కకు తెచ్చినవారు తత్త్వవేత్తలు కారు. ఆవిరి యంత్రములకు బొగ్గు ఖర్చు తగ్గింపగోరినవారు. ఫ్రాన్సు దేశపు యువ ఇంజనీరు సాది కార్నో 1824లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. దాని నెవరును లక్ష్యపెట్టలేదు. ఎనిమిదేండ్లకు అతడు కలరాతో చనిపోయెను. ఆ తరువాత జర్మను శాస్త్రజ్ఞుడైన క్లాసియస్ ఆ పని నందుకొని, ఒక్కొక్క మార్పులో ఎంత వేడిమి చెదరి మరల పనికి రాకుండ పోవునో కొలుచుటకు 1865లో 'ఎంట్రోపీ' అను క్రొత్త మాటను కల్పించెను. మొత్తముమీద ఎంట్రోపీ పెరుగునేగాని తరుగదు. దీనినే ఉష్ణగతిశాస్త్రపు రెండవ నియమమందురు. భౌతికశాస్త్రపు గొప్ప నియమములలో నిన్నటికి రేపటికి ఇంత స్పష్టముగా భేదము చెప్పునది ఇదియొక్కటే.

ఎందుకు పెరుగవలెను? దీనికి జవాబు వెదకుటలో జీవితమంతయు గడపినవాడు వియన్నా పట్టణపు లుడ్విగ్ బోల్ట్జ్‌మాన్. ఆయన చెప్పినది గవ్వలాట తెలిసిన మనవారికి సులభముగా తెలియును. పది గవ్వలు విసరినయెడల అవి పడు తీరులు 1024. అన్నియు వెల్లకిల పడు తీరు ఒక్కటే. అయిదు వెల్లకిల, అయిదు బోర్ల పడు తీరులు 252. గవ్వలకు సగము సగము పడుటయందు ప్రీతి యేమియు లేదు. ఆ తీరులు ఎక్కువ, అంతే. చిన్న గ్లాసెడు కాఫీలోని అణువుల సంఖ్య 3 తరువాత 24 సున్నలు పెట్టినంత. వాటి వేగము చుట్టునున్న గాలిలోనికి చెదరిపోవు తీరులు లెక్కకందవు. గ్లాసులోనే కూడియుండు తీరులు వాటితో పోల్చిన దాదాపు శూన్యము. కాబట్టి కాఫీ చల్లారుట ఆజ్ఞవలన కాదు, సంఖ్యవలన జరుగుచున్నది.

ఆయన మిత్రుడైన లోష్మిట్ 1876లో ఒక చిక్కు ప్రశ్న వేసెను. అణువులన్నిటి వేగములను ఒక్కసారిగా వెనుకకు త్రిప్పితిమేని, అవే సూత్రములనుబట్టి చల్లారిన కాఫీ మరల వేడెక్కవలెను కదా? మరియు, ముందునకు లెక్క వేసినట్లే వెనుకకు వేసినయెడల నిన్న కూడ ఎంట్రోపీ నేటికంటె ఎక్కువగానే యుండవలసి వచ్చును కదా? ఇది గట్టి ప్రశ్న. దీనికి నేటివరకు అంగీకరింపబడిన జవాబు ఒక్కటే: లోకము మొదట మిక్కిలి క్రమముగల స్థితిలో, తక్కువ ఎంట్రోపీతో, బయలుదేరినది. దాదాపు 1380 కోట్ల సంవత్సరములుగా ఆ మొదటి కూర్పు చెదరుచున్నది. మన కాఫీ చల్లారుట ఆ పొడుగాటి చెదరుటలో ఒక చిన్న అల. ఆ మొదటి కూర్పు తనంతట తాను కుదురుట ఎంత అరుదో రోజర్ పెన్‌రోజ్ లెక్క కట్టెను. ఆ సంఖ్యను వ్రాయుటకు, మనకు కనబడు విశ్వములోని పరమాణువు ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క సున్న వ్రాసికొనుచు పోయినను చోటు చాలదు.

అది ఎందుకట్లున్నదో ఎంట్రోపీ చెప్పలేదు. ఆ ఖాళీలో దేవుని నామమును పెట్టి మూత వేయవలెనని మనలో కొందరికి చేయి దురద పెట్టును. తొందరపడవద్దని నా మనవి. గ్రహములు దారి తప్పకుండ దేవుడు అప్పుడప్పుడు సవరింపవలసి యుండునని న్యూటన్ తలంచినప్పుడు, అట్లయిన దేవుడు తన గడియారమును మాటిమాటికి బాగుచేసికొను పనివాడగునని లైబ్నిట్జ్ ఆ లేఖలలోనే ఎగతాళి చేసెను. తరువాతివారు గ్రహముల లెక్కను మరింత బాగుగా కట్టినప్పుడు ఆ సవరణ అక్కరలేకపోయెను. తెలియనిచోట దేవుని కూర్చుండబెట్టినవారు తెలిసిన దినమున ఆయనను లేపవలసి వచ్చును.

మరల బోల్ట్జ్‌మాన్ యొద్దకు వత్తము. 1897లో ఆయన ఒక సాహసపు మాట వ్రాసెను. భూమిపై 'క్రింద' అనగా భూమి మధ్యకు పోవు దిక్కు; మనకు క్రిందైనది అవతలి ప్రక్కవారికి పైనగును. విశ్వము మొత్తమునకు పై లేదు, క్రింద లేదు. అట్లే కాలమునకును విశ్వము మొత్తములో దిక్కు లేదేమో, ఎంట్రోపీ పెరుగుచున్న వైపునే అక్కడక్కడి ప్రాణులు 'రాబోవు కాలము' అని పిలుచుచుండునేమో యని ఆయన సూచించెను. ఆయన 1906లో ట్రియెస్టు దగ్గర దువీనోలో తన ప్రాణము తానే తీసికొనెను. పగవారి వాదములే ఆయనను చంపినవని కథగా చెప్పుదురు. బహుకాలముగా మనోవ్యాధితో బాధపడినవాని విషయములో అంత సులభముగా చెప్పుట న్యాయము కాదు. వియన్నాలో ఆయన సమాధిమీద ఆయన సూత్రము చెక్కబడియున్నది.

ఆయన కాలమునకు తరువాత సంగతి మరింత లోతునకు పోయెను. 1905లో ఐన్‌స్టయిన్, విశ్వమంతటికి ఉమ్మడిగా 'ఇప్పుడు' అనునది లేదని చూపెను. 1915లో, బరువైనవాటికి దగ్గరగానున్న గడియారము మెల్లగా నడచునని చూపెను. ఇది మాట వరుసకు చెప్పినది కాదు. 2010లో అమెరికాలోని బోల్డరు పట్టణమున రెండు గడియారములలో ఒకదానిని 33 సెంటీమీటర్లు, అనగా మూరెడుకంటె తక్కువ, పైకెత్తగా అది త్వరగా నడచుటను కొలిచిరి. 1967లో డివిట్ ప్రకటించిన సమీకరణము, గురుత్వమును క్వాంటము సిద్ధాంతముతో కలుపుటకు వీలరుతో కూడి తలపెట్టినది, మరియొక వింత చూపెను: అందులో కాలమునకు గుర్తుగా అక్షరమే లేదు. అట్లయిన మనకు తెలిసిన కాలము ఎక్కడనుండి వచ్చినది? 1994లో అలెన్ కోన్, కార్లో రోవెల్లి అనువారు ఒక జవాబు సూచించిరి. కోట్లాది అణువులలో ఒక్కొక్కదాని సంగతి మన మెరుగము. మొత్తముమీద మాత్రమే ఎరుగుదుము. వేడిమి అను మాటకు అర్థమే అది. అట్లు మొత్తముగా మాత్రమే తెలిసిన స్థితియే తనకు తగిన ఒక ప్రవాహమును ఏర్పరచును. మనము కాలమనునది ఆ ప్రవాహమే కావచ్చునని వారనిరి. నా విద్యార్థి చదివిన పుస్తకములోనిది ఈ తలంపే.

దీనికి ఎదురు చెప్పువారును సామాన్యులు కారు. లీ స్మోలిన్ 2013లో ఒక గ్రంథమే వ్రాసి, మూలమున నిజమైనది కాలమే, ప్రకృతి సూత్రములే కాలముతో మారవచ్చునని వాదించెను. విచిత్రమేమనగా, రోవెల్లియు స్మోలిన్‌యు ఒకే పనిలో బహుకాలము కలిసి శ్రమించినవారు. ఒకే లెక్కలు చూచి ఇద్దరు మిత్రులు రెండు వైపులకు పోయిరనగా, లెక్కలు ఇంకను తీర్పు చెప్పలేదన్నమాట.

నా మట్టుకు నాకు తోచినది చెప్పెదను. 'కాలము' అను ఒక్క మాటలో మనము రెండు సంగతులు కలిపివేయుచున్నాము. కాలువను తలంచుడి. దానికి పొడవున్నది, ఒక రేవు తరువాత మరియొక రేవు వరుసగా నున్నవి. దానికి వాలునున్నది, ఆ వాలునుబట్టి నీరు ఒకవైపు పోవును. సంగతులు ఒకదాని ప్రక్క నొకటి వరుసగా నుండుట పొడవు వంటిది. నిన్నటినుండి రేపటికే గాని రేపటినుండి నిన్నటికి పోలేకపోవుట వాలు వంటిది. ఈ వాలు వేడిమినుండి కలిగినదని బోల్ట్జ్‌మాన్ నాటినుండి జరిగిన పని నాకు నచ్చునట్లు చూపినది. 1927లో ఎడింగ్టన్ దీనికి 'కాలబాణము' అని పేరు పెట్టెను. పొడవు కూడ వేడిమినుండియే కలిగినదను మాట మాత్రము ఇంకను సూచనయే. వేడిమి 'పోవుచున్నది', ఎంట్రోపీ 'పెరుగుచున్నది' అని చెప్పుటలోనే కాలము ముందుగా దొంగతనముగా లోపలికి వచ్చి కూర్చున్నది. పోవుట యనగా ముందొక చోట, తరువాత మరియొక చోట ఉండుటయే కదా. ఆ పండితులు దీనికి సమాధానము చెప్పక పోలేదు. అది 'పోవుట' కాదు, ఒక కొలతకును మరియొక కొలతకును గల పొందిక మాత్రమేయని వారందురు. ఆ సమాధానము తెలివిగలదే. నాకు తృప్తి కలుగలేదు.

అయితే వారి మాటయే నిజమనుకొందము. కాలము పూర్తిగా వేడిమినుండియే పుట్టినదనుకొందము. అంతమాత్రమున అది అబద్ధమగునా? నా విద్యార్థి పొరపడినది ఇక్కడనే. వేడిమినే చూడుడి. ఒక్క అణువునకు జ్వరము లేదు. అణువును పట్టుకొని ఇది వేడిదా చల్లనిదా యని యడిగిన ఆ ప్రశ్నకు అర్థమే లేదు. దానికి వేగమున్నదిగాని వేడి లేదు. వేడి యనునది కోట్లాది అణువులు కూడినప్పుడు మాత్రమే కలుగునది. మరి జ్వరముతో మూలుగుచున్న బిడ్డ నొసటిమీద తల్లి చేయి వేసి "ఒళ్లు కాలిపోతోంది" అన్నప్పుడు ఆమె భ్రమపడుచున్నదా? మూలమున లేనిది వేరు, అసలే లేనిది వేరు.

ఆ కుర్రవాడు ఐన్‌స్టయిన్ లేఖ నొకదానిని కూడ చదివియుండెను. 1955 మార్చిలో ఐన్‌స్టయిన్ చిరకాల మిత్రుడైన మిషెల్ బెస్సో మరణించినప్పుడు, ఆయన కుటుంబమునకు ఐన్‌స్టయిన్ ఓదార్పు వ్రాయుచు, జరిగినదానికిని జరుగబోవుదానికిని గల భేదమును భౌతికశాస్త్రము నమ్మువారు గట్టిగా పట్టించుకొనరను భావము వచ్చునట్లు వ్రాసెను. అప్పటికి తానును వ్యాధిగ్రస్తుడే; దాదాపు ఒక నెలకు తానును పోయెను. ఆ లేఖ చదివి ఆ కుర్రవానికి మొదట ఊరట కలిగినదట: అమ్మమ్మ ఎక్కడికిని పోలేదు, ఆ సంవత్సరములలో ఆమె ఎప్పటికిని ఉన్నది. మరునాడు భయము కలిగినదట: అట్లయిన గుమ్మమువద్ద ఆమె గ్లాసు పట్టుకొని నిలుచున్న క్షణమును అట్లే ఉన్నది, నా మాటయు అట్లే ఉన్నది.

దుఃఖములోనున్నవారికి వ్రాసిన ఉత్తరమును సిద్ధాంతముగా పట్టుకొనరాదని నేను చెప్పితిని. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి చెప్పితిని. ఐన్‌స్టయిన్ తీసివేసినది ఉమ్మడి 'ఇప్పుడు'ను మాత్రమే. ఒక సంగతివలన మరియొక సంగతి కలిగినయెడల వాటి వరుసను ఆయన సిద్ధాంతము ముట్టలేదు. ఎంత వేగముతో పోవువాడు, ఏ నక్షత్రమునుండి చూచువాడైనను, నీవు కసరుట ముందు, ఆమె మనస్సు నొచ్చుట తరువాత అనియే చూచును. దానిని తలక్రిందులు చేయు లెక్క భౌతికశాస్త్రములో లేదు.

వేదాంతులును ఈ చోటికి వచ్చినవారే. జరిగినదానిని జరుగనట్లు చేయుట దేవునికి సాధ్యమా యని 11వ శతాబ్దమున ఇటలీలో పీటర్ దామియన్ అను సన్యాసి ఒక దీర్ఘమైన లేఖలో చర్చించెను. దేవుని శక్తికి హద్దు పెట్టుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. రెండు వందల యేండ్ల తరువాత థామస్ అక్వినాస్ అది సాధ్యము కాదని తేల్చెను. శక్తి చాలకపోవుటవలన కాదు. జరిగినది జరుగలేదనుట తనకు తానే విరుద్ధమైన మాట గనుక. నాకు అక్వినాస్ మాటయే సరియనిపించుచున్నది. క్షమించుటకును తుడిచివేయుటకును గల భేదము ఇక్కడనే యున్నది. జరుగనిదానిని ఎవరు క్షమింపగలరు?

"మరి ఆ మాట ఇప్పుడెక్కడుంది?" అని అతడు పట్టు విడువలేదు. శాస్త్రము చెప్పగలిగినంత చెప్పితిని. నోటినుండి వెడలిన ధ్వని గోడలకు తగిలి, గాలిలో కలిసి, క్షణములో వేడిమిగా మారెను. మూలసూత్రములనుబట్టి చూచినయెడల అది పూర్తిగా నశింపలేదు. కోట్లాది అణువుల కదలికలో చెదరియున్నది. దానిని ఏరి కూర్చుట మాత్రము ఎవరితరమును కాదు. కాఫీలోని వేడి పోయినచోటికే అదియు పోయెను. మిగిలినది నీ జ్ఞాపకములోని గుర్తు. ఆ గుర్తు పడుట కూడ వేడిమి ఖర్చుతోనే. ఇసుకలో అడుగు పడినప్పుడు ఆ త్రొక్కిడి వేడిగా చెదరుటవలననే అడుగు నిలుచును. చెదరకున్న ఇసుక మరల ఎగసి సమమై యుండును. గడియారమునకును ఇదే న్యాయము. 2021లో ఆక్స్‌ఫర్డువారు మిక్కిలి పలుచని పొర నొకదానిని కంపింపజేసి గడియారముగా వాడి చూడగా, దాని నడక ఎంత ఖచ్చితమైనదో అంత ఎక్కువ ఎంట్రోపీ వెలువడెను. మనకు రేపటి జ్ఞాపకము లేక నిన్నటి జ్ఞాపకము మాత్రమే యుండుట ఈ వాలువలననే. ఈ వాలు లేనిచో నీవు అమ్మమ్మను కసరితినని నీకు తెలిసియుండదు. పశ్చాత్తాపమును ఉండదు, ఒకనికి మాట ఇచ్చుటయు ఉండదు.

అతడు తల వంచుకొని, "అయితే ఇక చేయగలిగింది లేదన్నమాట" అనెను.

రెండవ నియమము అట్లు చెప్పలేదు. ఒకచోట క్రమము కలుగరాదని అది యెన్నడును అనలేదు. మొత్తము లెక్కలో తగ్గరాదని మాత్రమే యన్నది. ఇంటిలోని ఫ్రిజ్ లోపల చల్లనగును. ఆ వేడియు, దానికి తోడు మరికొంత వేడియు వెలుపలికి వచ్చును. విత్తనము చెట్టగుట, గాయము మానుట, చెదరిన ఇల్లు ఒకరు సర్దుట, ఇవన్నియు ఆ నియమము క్రిందనే జరుగుచున్నవి. ఊరకనే మాత్రము జరుగవు. ఎవరో ఒకరు ఎక్కడనో వెల చెల్లించుచుందురు. చల్లారిన కాఫీ తనంతట తాను వేడెక్కదు. పొయ్యి వెలిగించినయెడల వేడెక్కును. ఆ రాత్రి ముసలమ్మ లేచి, నిప్పు చేసి, గుమ్మమువద్ద నిద్ర మానుకొని కూర్చుండెననగా ఆమె చెల్లించిన వెల అదియే.

ఇది భౌతికశాస్త్రమునుండి నీతిని పిండుట కాదా యని అడుగువారుండవచ్చును. కొంత అట్లే యున్నది, ఒప్పుకొందును. ఎంట్రోపీకి మంచి చెడ్డలు తెలియవు. అయితే, నా చేతిలో ఇక నేమియు లేదని చెప్పుటకు ఆ కుర్రవాడు శాస్త్రమునే సాక్షిగా పిలిచెను. ఆ సాక్షి అట్లు చెప్పలేదని చూపుటవరకే నా పని.

"అమ్మమ్మ లేదు కదా, ఎవరిని అడగను?" అనెను. ఆ రాత్రి సంగతి ఇంటిలో ఎవరికైనను తెలియునా యని యడిగితిని. తెలియదట. అతని తల్లి మాత్రము, తన తల్లి చివరి దినములలో ఎందుకో సరిగా కాఫీ త్రాగలేదనియు, తాను పట్టించుకొనలేదనియు ఇప్పటికిని చెప్పుకొని ఏడ్చుచుండునట. ఆ మాట చెప్పునప్పుడు అతడు నావైపు చూడలేదు. నేనును ఏమియు అనలేదు. కొంతసేపటికి లేచి, "వెళ్లొస్తాను మాస్టారూ" అని చెప్పి బయలుదేరెను.

రెండు వారముల తరువాత అతనియొద్దనుండి నాలుగు పంక్తులు వచ్చినవి. తల్లికి చెప్పెనట. ఆమె చాలసేపు మాటలాడలేదట. తరువాత, ఏ గ్లాసు అని యడిగెనట. ఇద్దరును వంటింటిలోనికి వెళ్లి వెదకి దానిని తీసిరట. ఆమె మరి యేమనెనో అతడు వ్రాయలేదు, నేనును అడుగలేదు.